బతికున్నవారి వరుసలో

జూన్ 14, ఆదివారం

ఇవాళ చర్చి పూజలో నాకు దగ్గు వచ్చింది. నిజానికి అది నవ్వు. దగ్గుగా మార్చుకున్నాను.

విశ్వాసుల ప్రార్థనలో ఫాదర్ గారు ఎప్పటిలాగే మా తమ్ముడి పేరు చదివారు. ఈసారి పేరుకు ముందు, "చెరలో సైతం ధైర్యంగా విశ్వాసాన్ని చాటుతున్న మన ప్రియ సోదరుడు" అని తగిలించారు. "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అని చర్చి అంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పింది.

వాడు విశ్వాసాన్ని చాటడమా! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పూజకు వస్తే చివరి బల్ల. ప్రసంగం మొదలయ్యేసరికి బయట బండ్ల దగ్గర తేలేవాడు. చేసిన పాపాలు ఫాదర్‌తో చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళరా అంటే, నావన్నీ వినాలంటే ఫాదర్‌కి భోజనం టైం దాటిపోతుంది అనేవాడు. అంత దూర దేశం వెళ్ళింది సువార్త చెప్పడానికేం కాదు. అక్కడి మిషన్ హాస్పిటల్లో జనరేటర్లు బాగు చేసే ఉద్యోగం. ఇక్కడికంటే మంచి జీతం.

చలికాలం చివర్లో తుపాకులవాళ్ళు ఆ హాస్పిటల్లో జొరబడ్డారు. క్రైస్తవులు ఎవరెవరు అని అడిగి ఐదుగురిని తీసుకుపోయారు. మా వాడి మెడలో సిలువ కూడా ఉండదు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. వాడే చెయ్యి ఎత్తాడట. పారిపోయి వచ్చిన వార్డుబాయ్ ఒకడు చెప్పాడు. ఎందుకెత్తావురా వెధవా అని రోజూ మనసులో అడుగుతూనే ఉన్నాను.

నవ్వినందుకు సిగ్గేసింది. వెంటనే ఏడుపొచ్చింది. పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు.


జూన్ 17, బుధవారం

సాయంత్రం జపమాల సంఘం వచ్చింది. బుధవారాలు మా ఇంట్లోనే. కింద నా టైలరింగ్ షాపు, పైన రెండు గదులు, అందులో నేనూ, తమ్ముడి భార్య మా మరదలూ. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు కింద కటింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని చెబుతారు, మిగతావాళ్ళు పైన. పైవాళ్ళు ఒక పూస ముందుంటారు, కిందివాళ్ళు ఒక పూస వెనక.

సంఘం ప్రెసిడెంట్ గారు ఇవాళ మా తమ్ముడి చిన్నతనం గురించి చెప్పారు. పూజలో సేవ చేసే పిల్లాడిగా ఉన్నప్పుడు మోకాళ్ళ మీద అరగంటసేపు కదలకుండా ధ్యానంలో ఉండిపోయేవాడట. ధ్యానమూ లేదు, నా మొహమూ లేదు. నిద్రపోయేవాడు. మోకాళ్ళ మీద నిద్రపోవడం వాడికి వచ్చిన ఒకే ఒక్క విద్య. చెబుదామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను.

ఒకటి మాత్రం రాసుకోవాలి. ఈ మనుషులు లేకపోతే నాకు పిచ్చెక్కి ఉండేది. మొదటి నెలంతా మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. మరదలికి జ్వరం వస్తే ప్రెసిడెంట్ గారే పక్కన కూర్చుని తడిగుడ్డ వేశారు. గోరంతని కొండంత చేస్తే చేశారు, ప్రేమతోనే చేస్తున్నారు.

మరదలు మాత్రం జపమాల పట్టుకోవడం లేదు. పెదవులు కదులుతుంటాయి, కానీ అందరితో కలవదు. తను వేరే ఏదో చెప్పుకుంటోంది.


జూన్ 22, సోమవారం

వార్త లేదు.


జూన్ 29, సోమవారం

పేతురు, పౌలుల పండుగ. ఫాదర్ ఎర్ర పూజా వస్త్రం వేసుకున్నారు. రెండేళ్ళ క్రితం నేను కుట్టిందే. కొత్త పెళ్ళికూతురులా నిగనిగలాడుతోంది.

చర్చి వస్త్రాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి కాబట్టి నాకు సంవత్సరం రంగుల్లో తెలుస్తుంది. మామూలు ఆదివారాలకు ఆకుపచ్చ. పెద్ద పండుగలకు తెలుపు. ఈస్టర్ ముందు తపస్సు కాలానికి, చావులకు ఊదా. వేదసాక్షులకు, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చినవాళ్ళకు, ఎరుపు. ముందు చిరిగేది ఎప్పుడూ ఆకుపచ్చే. దాని మెడ దగ్గర ఇప్పటికే నాలుగుసార్లు పట్టీ మార్చాను. ఎరుపు బీరువా దాటేదే తక్కువ.

ఫాదర్ ఆకుపచ్చకు ఇంకో పట్టీ వేయమన్నారు. ఇక దానికి పట్టీ కాదు ఫాదర్, పాడె కావాలి అన్నాను. నవ్వారు.


జూలై 8, బుధవారం

పొద్దున షాపు తెరవగానే ఫాదర్ వచ్చారు. సంచిలో గుడ్డ. నెలాఖరుకు, కుదరకపోతే ఆ తరువాతి వారానికైనా పూజా వస్త్రం ఒకటి కుట్టమన్నారు. తీసి చూశాను. ఎర్ర పట్టు. బరువైనది, మంచిది. అంచుకు జరీ.

ఇప్పుడు ఎరుపెందుకు ఫాదర్ అని అడిగాను. పాతది వెలిసిపోయిందమ్మా అన్నారు.

పది రోజుల క్రితమే కదా చూశాను. అబద్ధం చెప్పడం రాని మనిషికి అబద్ధం చెప్పాల్సి వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆయన నా కత్తెర తీసి, మూసి, మళ్ళీ అక్కడే పెట్టారు. గుడ్డ టేబుల్ మీద పెట్టి కూర్చున్నాను. ఎవరి కోసం అని మాత్రం అడగలేకపోయాను. ఆయనే చెప్పారు. బిషప్ హౌస్‌కు కబురొచ్చిందట. ఏటి ఒడ్డున శవాలు దొరికాయట. వాళ్ళే అనుకుంటున్నారట. రూఢి అయ్యాక చెబుదామని ఆగారట. పరలోకానికి వేదసాక్షులు వెళ్ళారు తల్లీ, అన్నారు.

నాకు ఎందుకో గుడ్డ గురించే మాట్లాడాలనిపించింది. రోము నుంచి ప్రకటించేదాకా ఎవరినీ వేదసాక్షి అనకూడదు కదా, అప్పటిదాకా మామూలు చావులాగే ఊదా కదా అన్నాను. బిషప్ గారే ఎరుపు అన్నారని చెప్పారు. ఇది దుఃఖించే పూజ కాదట, కృతజ్ఞత పూజట.

ఊదా అయితే ఏడవొచ్చు. ఎరుపు అన్నాక ఏడవడానికీ వీల్లేదు.


జూలై 9, గురువారం

మరదలికి చెప్పాను. తను క్లినిక్‌లో రక్తం తీసే పని చేస్తుంది. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చెప్పేది పూర్తిగా వింది. తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలి మధ్యా తుడుచుకుంది. ఎవరైనా కళ్ళారా చూశారా అని అడిగింది. లేదన్నాను.

"అయితే కుట్టొద్దు వదినా," అంది. "నువ్వు కుడితే నిజమైపోతుంది."


జూలై 12, ఆదివారం

విశ్వాసుల ప్రార్థనలో వాడి పేరు లేదు. బతికున్నవారి కోసం చదివినప్పుడు లేదు. చనిపోయినవారి కోసం చదివినప్పుడూ లేదు. రెంటికీ మధ్య ఫాదర్ ఒక క్షణం ఆగారు. ఆ క్షణంలో ఉన్నాడు మా తమ్ముడు.

పూజ అయ్యాక ప్రెసిడెంట్ గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. అప్పటికే అందరికీ తెలిసిపోయినట్టుంది. ఇక వాడి కోసం మనం ప్రార్థించనక్కర్లేదట, వాడే మన కోసం ప్రార్థిస్తాడట. వెనక నుంచి ఒక పెద్దావిడ వచ్చి, నా మోకాలి నొప్పి సంగతి మీ తమ్ముడికి చెప్పమ్మా అని అడిగింది. వాడి కుడి మోకాలు చిన్నప్పుడే విరిగి వంకరగా అతికింది. సొంత మోకాలే బాగు చేసుకోలేనివాడు ఆవిడ మోకాలేం చేస్తాడు? అలాగే చెబుతానండీ అన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.


జూలై 15, బుధవారం

గుడ్డ కత్తిరించాను.

ఎందుకని మరదలు అడగలేదు. కింద ఎర్రముక్కలు చూసి పైకి వెళ్ళిపోయింది. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. నేను కాదంటే ఫాదర్ ఇంకెవరికో ఇచ్చేవారు, వాళ్ళు భుజం దగ్గర ముడతలు పెట్టి పాడుచేసేవాళ్ళు. మా వాడి పూజకు ముడతల వస్త్రమా? ఇదీ నా బుద్ధి. పీకల దాకా మునిగినా టైలరు కుట్టే చూసుకుంటుంది.

పట్టు ఒకసారి కత్తెర పడ్డాక వెనక్కి రాదు. సాయంత్రం దాకా ఆ ముక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రాత్రి మరదలు నాతో భోజనానికి కూర్చోలేదు.


జూలై 21, మంగళవారం

బతికే ఉన్నాడు!

బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు.


జూలై 22, బుధవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఇవాళ వరసగా రాస్తాను.

నిన్న మధ్యాహ్నం మరదలి ఫోన్‌కు ఎవరో వీడియో ఫార్వర్డ్ చేశారు. గోడ ముందు ఒక మనిషి నిలబడి కాగితం చూసి చదువుతున్నాడు. గడ్డం పెరిగింది, చెంపలు లోపలికి పోయాయి, నేను గుర్తుపట్టలేదు. మరదలు పట్టింది. బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడ్డారు చూడు వదినా అంది. అప్పుడు చూశాను. వాడే.

చదువుతున్నది ఏమిటంటే, నేను క్రైస్తవుణ్ణి కాను, ఆ మతాన్ని వదిలేశాను, నన్ను ఎవరూ బలవంతం చేయలేదు, నా వాళ్ళు నా కోసం బాధపడనక్కర్లేదు. బలవంతం అన్న మాట దగ్గర నాలుక తడబడి రెండుసార్లు చదివాడు. చిన్నప్పుడు బడిలో పద్యం అప్పజెప్పినట్టే ఉంది.

మాకు ఆ మాటలు వినపడలేదు. నిజం, వినపడలేదు. వాడి గొంతు వినపడింది. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాం. నేను నవ్వాను, మరదలు నన్ను కౌగిలించుకుని ఊపేసింది, మిషన్ మీదున్న దారపు రీళ్ళన్నీ కింద పడ్డాయి. చాలా రోజుల తరువాత ఇద్దరం కడుపు నిండా తిన్నాం. తిన్న చెయ్యి కడుక్కోకుండానే మరదలు చెప్పింది. ఇన్ని నెలలూ అందరూ వాడికి ధైర్యం ఇవ్వమని, విశ్వాసంలో నిలబెట్టమని ప్రార్థిస్తుంటే, తను మాత్రం, వాళ్ళు ఏం చెప్పమంటే అది చెప్పేలా చెయ్యి ప్రభువా, ఆయన్ని పిరికివాణ్ణి చెయ్యి అని వేడుకుందట.

"ఇంతమంది అడిగింది పక్కన పెట్టి, దేవుడు నా మాటే విన్నాడు వదినా," అంది. సంతోషంగా అన్నదో భయపడి అన్నదో నాకు తెలియలేదు. తనకూ తెలిసినట్టు లేదు.

ఇద్దరం చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఫాదర్ దగ్గరికి పరిగెత్తాం. బతికే ఉన్నాడు ఫాదర్ అని గుమ్మంలోంచే అరిచాను. ఆయన అప్పటికే వీడియో చూశారు. దేవునికి స్తోత్రం అన్నారు. కానీ అనడానికి ముందు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం నేను చూశాను. మరదలూ చూసింది.

మిగతా నలుగురూ ఆ ఏటి ఒడ్డున దొరికినవాళ్ళేనట. వాళ్ళు ఆ కాగితం చదవం అన్నారని తుపాకులవాళ్ళే వీడియో కింద రాశారట.

ఇవాళ బుధవారం. జపమాల సంఘం రాలేదు. ప్రెసిడెంట్ గారికి నలతగా ఉందని కబురు పంపారు. మిగతావాళ్ళు కబురు కూడా పంపలేదు. కింద కుర్చీలు వేసి ఉంచాను. మళ్ళీ తీశాను.


జూలై 24, శుక్రవారం

చర్చిలో పక్క పీఠం మీద ఇన్నాళ్ళూ పెట్టి ఉన్న వాడి ఫోటో లేదు. అద్దం తుడవడానికి తీశారట.


జూలై 26, ఆదివారం

ఇవాళ చదివింది ఇది: "హింసలు ఎదురైనా తమ విశ్వాసంలో స్థిరంగా నిలిచిన మన సహోదరుల కోసం."

స్థిరంగా నిలిచినవాళ్ళ కోసమట. ఒక్క మాటతో వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి తలుపేశారు. నేను జవాబు చెప్పలేదు.

పూజ అయ్యాక నేరుగా లోపలి గదికి వెళ్ళాను. ఫాదర్ వస్త్రాలు విప్పుతున్నారు. నిలబడ్డవాళ్ళకు ప్రార్థన ఎందుకు ఫాదర్, పడ్డవాడికి కదా కావాలి అన్నాను. చచ్చాడనుకున్నప్పుడు ఎర్ర పట్టు తెచ్చారు, బతికాడని తెలిస్తే ఫోటో తీసేశారు, ఇదేం లెక్క అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయడానికి బాగుండవు.

ఆయన ఏకాంతంలో రోజూ వాడి కోసం ప్రార్థిస్తున్నానన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చనిపోయిన ఆ నలుగురిలో ఒకరైన నర్సు సిస్టర్ తల్లి పూజకు వస్తున్నారమ్మా. ఆ తల్లి ముందు నీ తమ్ముడి పేరు ఎలా చదవమంటావు?" అన్నారు.

ఆ ప్రశ్నను ఇప్పటికీ మింగలేను, కక్కలేను.

ఎరుపు పూజ ఆగస్టు 12న. ఇప్పుడది నలుగురికే. వస్త్రం పూర్తి చేయమని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. పూర్తి చేస్తాను లెండి అని నేనే చెప్పి వచ్చాను. ఆ నలుగురు ఏం పాపం చేశారు?


ఆగస్టు 4, మంగళవారం

జరీ వేస్తుండగా ఒకావిడ షాపులోకి వచ్చింది. చేతిలో బట్టల సంచి, నల్ల గొడుగు. జాకెట్టు కుట్టించుకోవడానికి అనుకున్నాను. గుడ్డ ముట్టుకోవచ్చా అని అడిగింది. చేతులు శుభ్రంగానే ఉన్నాయని చూపించింది. అప్పుడర్థమైంది. సిస్టర్ తల్లి. పూజకు వారం ముందే వచ్చి కాన్వెంట్‌లో మదర్స్ దగ్గర దిగింది.

నేను లేచి నిలబడ్డాను. కాళ్ళ మీద పడాలో పారిపోవాలో తెలియలేదు. నేనెవరో ఆవిడకు తెలిసే వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. జరీ అంచు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా మెల్లగా నడిపించింది. తన కూతురికి ముదురు రంగులు నచ్చేవి కావట, నర్సు ట్రైనింగుకు వెళ్ళేటప్పుడు కూడా లేత నీలం చీరే కావాలని అలిగిందట. ఈ ఎరుపు చూస్తే ముఖం తిప్పుకునేదట.

నా తమ్ముడు అలా చేసినందుకు అని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అందరూ నా కూతుర్ని వేదసాక్షి అంటున్నారు. సాక్షి అంటే చూసినవాడు, వచ్చి చెప్పేవాడు కదమ్మా. నా కూతురు ఏం చెబుతుంది ఇంక? చూసినవాడు మీ తమ్ముడొక్కడే. అది చివర్లో భయపడిందా, నన్ను తలుచుకుందా, దప్పికైతే ఎవరైనా నీళ్ళిచ్చారా, వాడే చెప్పాలి. వాడు బతికి రావాలి. నేను రోజూ వాడి కోసమే జపమాల చెబుతున్నా."

క్షమించిందా అంటే, ఆ మాటే ఎత్తలేదు. ఆవిడకు వాడితో పని ఉంది, అంతే. అయినా ఇన్ని రోజుల్లో వాడు కావాలని అన్న మనిషి మేమిద్దరం కాక ఈవిడే. మరదలు మెట్ల మీద నుంచి అంతా వింది. కిందికి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ మరదలి జుట్టు సవరించింది.


ఆగస్టు 12, బుధవారం

ఎరుపు పూజ అయింది. బిషప్ గారు, పది మంది ఫాదర్లు, నిలబడే చోటు లేదు. వస్త్రం భుజం దగ్గర చక్కగా కూర్చుంది. నేనూ మరదలూ వెనక నిలబడ్డాం. మా చుట్టూ కొంచెం ఖాళీ వదిలారు.

విశ్వాసుల ప్రార్థనలో ఒకటి సిస్టర్ తల్లిని చదవమన్నారు. చీటీలో ఉన్నది చదివింది. దిగిపోలేదు. మైకు పట్టుకుని మా తమ్ముడి పేరు చెప్పింది. "ఆ అబ్బాయి బతికే ఉన్నాడు. ఆ అబ్బాయి కోసం," అంది. తరువాత ఎలా ముగించాలో ఆవిడకు తెలియలేదు. అలాగే నిలబడిపోయింది.

ఎవరూ పలకలేదు. ఎవరో కుర్చీ జరిపారు. ముందు వరుసలో ప్రెసిడెంట్ గారు తల దించుకుని పూసలు లెక్కపెడుతున్నారు. అప్పుడు మరదలు, ఇన్ని నెలలుగా అందరితో కలిసి ఒక్క ప్రార్థన కూడా చెప్పని పిల్ల, బొంగురు గొంతుతో ఒక్కతే అంది: "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి."

తరువాత ఫాదర్ అన్నారు. తరువాత నేను. తరువాత అక్కడొకరు, ఇక్కడొకరు, ఒకరి మాట మీద ఒకరు పడుతూ. అందరూ కాదు. సగం మంది కూడా కాదు.

బయటికి వస్తుంటే ఫాదర్ నన్ను ఆపారు. ఈ ఆదివారం నుంచి వాడి పేరు చదువుతానన్నారు. ఎవరేమన్నా సరేనన్నారు.


ఆగస్టు 16, ఆదివారం

చదివారు. బతికున్న మన సోదరుడి కోసం అన్నారు. ఈసారి జనం బాగానే పలికారు. ప్రెసిడెంట్ గారు కూడా పలికారు, నా వైపు చూడలేదు గానీ.

సాయంత్రం బిషప్ హౌస్ నుంచి కబురు. మొన్న మంగళవారమే, ఎరుపు పూజకు ముందురోజే పోయాడట. జ్వరంతో. ఎవరూ చంపలేదట.

ఫాదర్ వచ్చి కూర్చున్నారు. మరదలే మాట్లాడింది. వచ్చే ఆదివారం కూడా పేరు అక్కడే చదవమంది. బతికున్నవారి వరుసలోనే.

ఫాదర్ సరే అన్నారు.